మీ డేటా ఇమ్మని, చెరిపేయమని పెద్ద టెక్ కంపెనీని అడగడం ఎలా? వినకపోతే ఎవరికి చెప్పాలి?

రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒకటి: "అకౌంట్ డిలీట్ చేసి నెలలైంది, అయినా వాళ్ళ మెయిల్స్ ఆగడం లేదు. ఏం చేయాలి?" రెండోది: "ప్రైవసీ చట్టాలు వచ్చాయంటారు, వాటివల్ల నాలాంటి మామూలు మనిషికి ఒరిగేదేమైనా ఉందా?" విడివిడిగా జవాబులు రాయడం కన్నా మొత్తం పద్ధతి ఒకేచోట పెడితే మేలనిపించింది.

ఒరిగేది ఉంది. కాకపోతే చట్టం తనంతట తాను మీ కోసం కదలదు. సెట్టింగ్స్‌లో బటన్ నొక్కడం వేరు, చట్టం పేరు రాసి, తేదీ వేసి అర్జీ పెట్టడం వేరు. బటన్ నొక్కితే కంపెనీ ఇవ్వదలచుకున్నది మాత్రమే వస్తుంది. అర్జీ పెడితే గడువు మొదలవుతుంది. రేపు నియంత్రణ సంస్థ (కంపెనీలు చట్టం పాటిస్తున్నాయో లేదో చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గరకు వెళ్ళినప్పుడు వాళ్ళు మొదట అడిగేది ఆ తేదీనే.

2011లో మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా లా విద్యార్థి "నా గురించి మీ దగ్గర ఏముందో ఇవ్వండి" అని ఫేస్‌బుక్‌ను అడిగితే 1,200 పేజీలకు పైగా వచ్చాయి. ఆయన డిలీట్ చేశాననుకున్న మెసేజ్‌లు కూడా అందులో ఉన్నాయి. తరువాత ఆయన ఐర్లండ్ నియంత్రణ సంస్థకు పెట్టిన ఫిర్యాదులు కోర్టుకెక్కాయి. యూరప్, అమెరికాల మధ్య డేటా పంపుకునే ఏర్పాట్లను యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2015లో ఒకసారి, 2020లో ఇంకోసారి కొట్టేసింది. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు గానీ, మొదలుపెట్టాల్సింది మాత్రం ఆయన మొదలుపెట్టిన చోటే.

ఈ దారి దేనికి పనికిరాదు

డబ్బు పోయిందా? ఇది చదవడం ఆపి ముందు బ్యాంకుకు, సైబర్ పోలీసులకు చెప్పండి. అక్కడ నిమిషాల లెక్క, ఇక్కడ నెలల లెక్క. అకౌంట్ హ్యాక్ అయితే ముందు రికవరీ సంగతి చూడండి. మీ ఆంతరంగిక ఫొటోలు ఎవరైనా బయటపెట్టినా, పెడతామని బెదిరించినా ప్లాట్‌ఫామ్‌లో వెంటనే రిపోర్ట్ కొట్టి పోలీసులకు చెప్పండి. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ కూడా ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ ముద్ర మాత్రమే తీసుకుని ఆ ఏర్పాటులో చేరిన ప్లాట్‌ఫామ్‌లకు పంపుతారు. మీ పోస్టు తీసేశారనో, అకౌంట్ సస్పెండ్ చేశారనో బాధైతే దానికి వేరే నియమాలున్నాయి. ఇది కేవలం మీ వ్యక్తిగత డేటా గురించి.

కావాల్సినవి

- ఆ అకౌంట్‌కు ముడిపెట్టిన ఈమెయిల్ లేదా ఫోన్ నంబరు, అదీ ఇప్పటికీ పనిచేస్తూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.
- కొంచెం ఖాళీ స్థలం ఉన్న కంప్యూటర్. ఫోన్‌తో పని అవుతుంది గానీ ఫైళ్ళు తెరిచి చూడటం నరకం.
- ఆ రోజుటి ప్రైవసీ పాలసీ కాపీ. పీడీఎఫ్‌గా దాచుకోండి, రేపు వాళ్ళు పేజీ మార్చేయొచ్చు.
- తేదీలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ లేదా చిన్న ఫైలు.

లాయరు అక్కర్లేదు. ఫీజు కూడా ఉండదు. యూరప్‌లో అర్జీ ఉచితం. అదే పనిగా, అర్థంపర్థం లేకుండా అడిగితే తప్ప డబ్బు అడగకూడదు. కాలిఫోర్నియాలో సమాచారం కోసం 12 నెలల్లో రెండుసార్లు ఉచితంగా అడగొచ్చు.

1. మీకు ఏం కావాలో ముందు తేల్చుకోండి

చాలామంది "నా డేటా మొత్తం తీసేయండి" అని మొదలుపెడతారు. నిజానికి వాళ్ళకు కావాల్సింది అది కాదు. అడగగలిగినవి నాలుగు: కాపీ ఇవ్వడం, తప్పు సరిదిద్దడం, చెరిపేయడం, ఫలానా పనికి వాడటం ఆపేయడం. వీటిలో మీది ఏదో తెలియాలి.

ప్రకటనల మెయిల్స్‌తో విసిగిపోయినవాళ్ళు అడగాల్సింది నాలుగోది. యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 21వ అధికరణం ప్రకారం ప్రకటనల కోసం నా డేటా వాడొద్దని మీరు చెబితే కంపెనీ ఆపి తీరాలి, సాకులు కుదరవు. ఇందులో ఇంకో మెలిక ఉంది. మీ వివరాలు పూర్తిగా చెరిపేయిస్తే, "ఈ అడ్రస్‌కు పంపకూడదు" అనే జాబితాలోంచి కూడా మీరు పోతారు. రేపు ఎక్కడినుంచో కొన్న జాబితాలో మీ ఈమెయిల్ మళ్ళీ వచ్చిందంటే, మీరు వద్దన్న సంగతి వాళ్ళకు గుర్తుండదు. "డిలీట్ చేసినా మెయిల్స్ ఆగలేదు" అనే కేసుల్లో కొన్నింటికి కారణం ఇదే. కాబట్టి మెయిల్స్ బాధ ఒక్కటే అయితే "నా అడ్రస్‌ను పంపకూడని జాబితాలో ఉంచండి" అని అడగండి, చెరిపేయమని కాదు.

కాపీ, చెరిపివేత రెండూ కావాలంటే కాపీ ముందు, చెరిపివేత చివర. తలకిందులు చేస్తే ఏం పోయిందో చూసుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

2. మీకు ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి

కంపెనీ ఏ దేశానిది అన్నది కాదు, సాధారణంగా మీరు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్క. మీ పాస్‌పోర్టు రంగుతో పనిలేదు. బెర్లిన్‌లో ఉంటున్న భారతీయుడికి జీడీపీఆర్ వర్తిస్తుంది.

యూరోపియన్ యూనియన్‌లో ఉంటే: జీడీపీఆర్, 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. అర్జీ అందిన నెలలోపు జవాబివ్వాలి. వ్యవహారం చిక్కుగా ఉంటే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, కానీ ఆ సంగతి మొదటి నెలలోనే కారణంతో సహా మీకు చెప్పాలి. బ్రిటన్‌లోనూ గడువు దాదాపు ఇంతే, అక్కడ చూసుకునేది ఐసీఓ అనే నియంత్రణ సంస్థ.

కాలిఫోర్నియాలో ఉంటే: సీసీపీఏ అనే ఆ రాష్ట్రపు ప్రైవసీ చట్టం, 2020 జనవరి నుంచి. అర్జీ అందిందని 10 పనిదినాల్లో చెప్పాలి, 45 రోజుల్లో జవాబివ్వాలి. మీకు తెలియజేసి మరో 45 రోజులు తీసుకోవచ్చు. వర్జీనియా, కొలరాడో లాంటి రాష్ట్రాల్లో కూడా ఇలాంటి చట్టాలున్నాయి. అక్కడ కంపెనీ కాదంటే ముందు ఆ కంపెనీకే అప్పీలు చేసుకోవాలి, తరువాతే అటార్నీ జనరల్ (ఆ రాష్ట్రపు ప్రధాన న్యాయాధికారి). ఈ మధ్య మెట్టు దాటేసి నేరుగా పైకి వెళ్ళేవాళ్ళు చాలామంది.

భారత్‌లో ఉంటే: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే అన్నీ ఒకేసారి అమలు కావు. మన హక్కుల భాగం నియమాలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వచ్చేలా పెట్టారు. అప్పటిదాకా చేతిలో ఉన్నది 2021 ఐటీ నియమాల కింద ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ (కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి) దారి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. మీ ఫోన్ నంబరో, ఫొటోనో ఎవరైనా బయటపెట్టినప్పుడు ఈ దారి బాగా పనికొస్తుంది. "నా గురించి మీ దగ్గరున్నదంతా ఇవ్వండి" అనడానికి దీనికి అంత బలం లేదు, ఆ మాట దాచిపెట్టి లాభం లేదు. అయినా అర్జీ పెట్టండి. పెద్ద కంపెనీలు డౌన్‌లోడ్, డిలీట్ సదుపాయాలు అన్ని దేశాలవాళ్ళకూ ఇస్తున్నాయి.

3. ముందు బటన్‌తో వచ్చే కాపీ తీసుకోండి

గూగుల్‌కు టేక్‌అవుట్ అనే డౌన్‌లోడ్ సదుపాయం ఉంది. యాపిల్‌కు ప్రైవసీ పేజీ ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అకౌంట్స్ సెంటర్‌లో డౌన్‌లోడ్ ఆప్షన్ ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ సమాచారం అడగొచ్చు. కంపెనీని బట్టి కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు పట్టొచ్చు.

ఇక్కడ చేసే తప్పులు దాదాపు అందరివీ ఒకటే.

తేదీల పరిధి దగ్గర "ఆల్ టైమ్" ఎంచుకోరు. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే పాత సంవత్సరాలవి రాకపోవచ్చు. ఫైలు తయారైందని మెయిల్ వచ్చాక "తీరిగ్గా చూద్దాం" అని పక్కన పెడతారు. టేక్‌అవుట్ లింకు దాదాపు వారంలో పనిచేయడం మానేస్తుంది, మళ్ళీ మొదటినుంచి రావాలి. మూడోది మన తెలుగువాళ్ళకే వచ్చే బాధ. ఫేస్‌బుక్ కాపీని జేసన్ (ప్రోగ్రాములు చదివే ఫైలు రకం) రూపంలో తీసుకుంటే తెలుగు అక్షరాలన్నీ పిచ్చి గుర్తులుగా కనబడతాయి. ఫైలు పాడైందని కంగారు పడకండి, అక్షరాలను నమోదు చేసే తీరులో ఉన్న గొడవ అది. మీరు చదువుకోవడానికైతే బ్రౌజర్‌లో వెబ్ పేజీలా తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. జేసన్ ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకు.

జిప్ ఫైలు విప్పాక ఫొటోల ఫోల్డర్ చూసి మూసేయకండి. అసలు సరుకు ప్రకటనల ఫోల్డర్‌లో ఉంటుంది. ఫేస్‌బుక్ కాపీలో అయితే మీ వివరాలున్న జాబితాలను అప్‌లోడ్ చేసిన ప్రకటనదారుల పేర్లు వరసగా కనబడతాయి. వాటిలో సగం మీరు ఎన్నడూ వినని పేర్లు ఉండొచ్చు. దాని దగ్గర్లోనే, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని) యాప్‌ల బయట మీరు చేసిన పనుల చిట్టా ఉంటుంది. ఏ వెబ్‌సైట్ లేదా యాప్ పంపిందో పేరు, పక్కన చూడటం, కార్ట్‌లో వేయడం, కొనడం అన్న గుర్తు, తరువాత సమయం. సమయం ఒక్కోసారి 1700000000 లాంటి పది అంకెల సంఖ్యగా ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. ఈ సంఖ్యకు అర్థం 2023 నవంబర్ 14, రాత్రి 10 గంటల 13 నిమిషాల 20 సెకన్లు, గ్రీన్‌విచ్ సమయం. అంటే మీరు వేరే ఏదో యాప్‌లో ఒక వస్తువును కార్ట్‌లో వేసిన సంగతి సెకనుతో సహా ఇక్కడ నమోదై ఉంటుంది.

ఆ పేర్లలో మీకు అనుమానం వచ్చినవాటిని నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. రేపటి అర్జీలు వాళ్ళకు కూడా పోవాలి.

4. అర్జీ రాయండి

బటన్‌తో వచ్చిన కాపీలో మీరు ఇచ్చినవి, మీరు చేసినవి ఉంటాయి. మీ గురించి కంపెనీ ఊహించుకున్నవి, ఎవరెవరికి ఇచ్చింది, ఎంతకాలం దాస్తుంది అనేవి పూర్తిగా ఉండవు. అందుకే అర్జీ కావాలి.

ఎక్కడికి పంపాలి? ప్రైవసీ పాలసీలో "సంప్రదించండి" అన్న భాగం చివర్లో ఉంటుంది. అక్కడ డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్ ఈమెయిల్ లేదా ప్రత్యేక ఫారం దొరుకుతుంది. కస్టమర్ కేర్ చాట్‌లో అడగకండి. సోషల్ మీడియాలో కంపెనీని ట్యాగ్ చేసి తిట్టడం మనసుకు హాయిగా ఉంటుందేమో గానీ అది అర్జీ కింద నిలబడటం కష్టం.

హెచ్చరిక: సెర్చ్‌లో "ఫలానా కంపెనీ ప్రైవసీ హెల్ప్‌లైన్" అని వెతికి దొరికిన ఫోన్ నంబర్‌కు కాల్ చేయకండి. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లతో మోసాలు ఎక్కువ. కంపెనీ సొంత సైట్‌లోని పాలసీ పేజీ నుంచి మాత్రమే వెళ్ళండి. డేటా అర్జీ కోసం ఎవరైనా స్క్రీన్ షేర్ చేయమన్నా, బ్యాంకు ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి.

అర్జీలో ఉండాల్సిన మాటలు ఇవి. ఇంగ్లీషులో పంపండి. అర్థం కావడం కోసం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"నేను ఫలానా దేశంలో ఉంటున్నాను. నా అకౌంట్ ఈ ఈమెయిల్‌తో ఉంది. ఫలానా చట్టం కింద కింది వివరాలు కోరుతున్నాను.
అ) నా గురించి మీ దగ్గరున్న మొత్తం వ్యక్తిగత డేటా కాపీ. మీరు ఊహించి తయారుచేసిన ఆసక్తులు, వర్గాలతో సహా.
ఆ) నా డేటా ఎవరెవరికి ఇచ్చారో పేర్లతో. వర్గాల పేర్లు కాదు, సంస్థల పేర్లు.
ఇ) నేను ఇవ్వని సమాచారం మీకు ఎక్కడినుంచి వచ్చింది.
ఈ) ఒక్కో రకం డేటాను ఎంతకాలం ఉంచుతారు.
సెట్టింగ్స్‌లోని డౌన్‌లోడ్ సదుపాయాన్ని ఇప్పటికే వాడాను. పై వివరాలు అందులో లేవు. ఈ అర్జీ పంపిన తేదీ ఇది. చట్టంలోని గడువులోపు జవాబివ్వగలరు."

"ఆ" దగ్గర పేర్లు అని గట్టిగా ఎందుకు రాయాలంటే, 2023 జనవరిలో ఆస్ట్రియా తపాలా సంస్థ కేసులో యూరప్ న్యాయస్థానం ఆ మాటే చెప్పింది. డేటా ఎవరికి వెళ్ళిందో కనుక్కోవడం అసాధ్యమైతేనో, అర్జీ అర్థం లేనిదైతేనో తప్ప "మా భాగస్వాములు", "ప్రకటనదారులు" అని గుంపుగా చెప్పి తప్పించుకోవడం కుదరదు. కాలిఫోర్నియా చట్టంలో ఇంత దూరం లేదు, అక్కడ సాధారణంగా వర్గాలతో సరిపెడతారు.

డౌన్‌లోడ్ వాడానన్న వాక్యం తప్పకుండా ఉంచండి. అది లేకపోతే మొదటి జవాబు "సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డౌన్‌లోడ్ చేసుకోండి" అని వచ్చి మీ రెండు వారాలు తినేస్తుంది.

అర్జీ పొడుగ్గా రాయకండి. మీ కోపం, కంపెనీ గురించి పేపర్లో చదివిన వార్తలు, నష్టపరిహారం బెదిరింపులు అన్నీ కలిపితే దాన్ని లీగల్ విభాగానికి తోసేస్తారు, అసలు అడిగినది మరుగున పడుతుంది.

5. గుర్తింపు అడిగితే ఎంత ఇవ్వాలి?

అర్జీ పెట్టింది మీరేనా అని చూసుకోవడం కంపెనీకి అవసరమే. లేకపోతే మీ పేరుతో ఇంకెవరో మీ డేటా పట్టుకెళ్తారు. కానీ మీరు లాగిన్ అయి, నమోదైన ఈమెయిల్ నుంచే రాస్తుంటే మామూలుగా అది చాలు. జీడీపీఆర్ ప్రకారం సహేతుకమైన అనుమానం ఉంటేనే అదనపు రుజువు అడగాలి.

అయినా కార్డు అడిగితే, ఎందుకు అవసరమో ముందు రాసి అడగండి. ఇవ్వక తప్పకపోతే కార్డు నంబరు, అవసరం లేని వివరాలు నల్లగా కొట్టేసి, "ఫలానా కంపెనీ డేటా అర్జీ కోసం మాత్రమే" అని తేదీతో అడ్డంగా రాసి పంపండి. డేటా తగ్గించుకుందామని వెళ్ళి ఇంకో కార్డు కాపీ వాళ్ళకు అప్పజెప్పి రావడం ఏం న్యాయం?

పాత ఈమెయిల్ పోయినవాళ్ళకు ఈ మెట్టు దగ్గరే టెన్షన్. ముందు అకౌంట్ రికవరీ చేసుకుని, కొత్త ఈమెయిల్ జోడించి, అప్పుడు అర్జీ పెట్టండి. వేరే ఈమెయిల్ నుంచి పంపితే "గుర్తించలేకపోయాం" అని మూసేస్తారు, అది తప్పని చెప్పలేం కూడా.

6. గడువు లెక్కపెట్టండి

అర్జీ పంపిన రోజే నోట్‌బుక్‌లో నాలుగు తేదీలు రాయండి: పంపిన తేదీ, అందిందన్న జవాబు తేదీ, గడువు ముగిసే తేదీ, దానికి వారం ముందు తేదీ. ఫారంలో నింపితే "సమర్పించారు" అన్న పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, సమయం కనబడేలా మొత్తం స్క్రీన్ తీయాలి. ఆఫీసులో ముద్ర వేయించుకున్న రసీదు ఎలాగో ఇదీ అంతే.

గడువుకు వారం ముందు రెండు లైన్ల గుర్తుచేత పంపండి, అదే మెయిల్ వరసలో. కొత్త మెయిల్ మొదలుపెడితే వాళ్ళ సిస్టమ్‌లో కొత్త అర్జీగా నమోదై లెక్క మొదటికి రావొచ్చు.

7. చెరిపేయించడం

యాప్ తీసేస్తే అకౌంట్ పోదు. డీయాక్టివేట్ చేస్తే కూడా పోదు, దాక్కుంటుంది అంతే. "శాశ్వతంగా డిలీట్" అన్న ఆప్షన్ వేరే ఉంటుంది. దాన్ని రెండు మూడు పేజీల వెనక పెట్టి, మధ్యలో "నిజంగా వెళ్ళిపోతారా?" అని మీ స్నేహితుల ఫొటోలు చూపించే అలవాటు ఈ కంపెనీలకు ఉంది. కంగారు పడకుండా చివరిదాకా వెళ్ళండి.

ఫేస్‌బుక్‌లో డిలీట్ కొట్టాక 30 రోజులు రద్దు చేసుకునే వీలుంటుంది, డిలీట్ ప్రక్రియ మొదలైనప్పటి నుంచి మొత్తం తుడిచిపెట్టడానికి 90 రోజుల దాకా పట్టొచ్చని వాళ్ళే చెబుతారు. ఆ 30 రోజుల్లో పొరపాటున లాగిన్ అయి "రద్దు" నొక్కితే అంతా మొదటికి. ఇంకో సైట్‌లో "ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి" వాడే అలవాటుంటే ఆ సైట్లకు ముందే వేరే పాస్‌వర్డ్ పెట్టుకోండి. లేకపోతే ఆ అకౌంట్లలోకి వెళ్ళే దారి మూసుకుపోతుంది.

మొత్తం అకౌంట్ వద్దు, పాత చరిత్ర మాత్రం పోవాలంటే గూగుల్‌లో యాక్టివిటీకి ఆటో డిలీట్ ఉంది: 3, 18 లేదా 36 నెలలు. చాలామందికి ఇదే సరైన మందు, అకౌంట్ తీసేయడం కాదు.

అన్నీ చెరిపేయరు, చెరిపేయలేరు కూడా. పన్ను చట్టాల కోసం ఉంచాల్సిన బిల్లులు, కోర్టు వ్యవహారాలకు కావాల్సినవి ఉంచుకోవచ్చు. అలాంటప్పుడు ఏది, ఏ కారణంతో ఉంచుకున్నారో రాసిమ్మని అడగండి. కారణం చెప్పకుండా "చట్టపరమైన అవసరాలు" అని మూడు ముక్కలు రాస్తే ఒప్పుకోకండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు అదనంగా రెండు సులువులున్నాయి. ఒకటి, గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అనే బ్రౌజర్ సంకేతం. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్‌లాంటి బ్రౌజర్లలో ఉంది. ఆన్ చేస్తే ప్రతి సైట్‌కూ "నా డేటా అమ్మొద్దు, పంచొద్దు" అని వెళ్తుంది, కంపెనీలు దాన్ని లెక్కచేయాలి. ఈ సంకేతాన్ని పట్టించుకోకపోవడం కూడా ఒక కారణంగా 2022లో సౌందర్య సామగ్రి అమ్మే సెఫోరా సంస్థ 12 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. రెండోది, డేటా బ్రోకర్ల (మనుషుల వివరాలు పోగుచేసి అమ్మే సంస్థల) కోసం రాష్ట్రమే 2026 జనవరిలో తెరిచిన డ్రాప్ పేజీ. అక్కడ ఒకే అర్జీతో నమోదైన బ్రోకర్లందరికీ చెప్పొచ్చు. వాళ్ళు ఆ అర్జీలను 2026 ఆగస్టు నుంచి అమలుచేయడం మొదలుపెట్టాలి.

8. నిజంగా చెరిపారో లేదో చూసుకోండి

"మీ అభ్యర్థన పూర్తయింది" అన్న మెయిల్‌తో పని అయిపోయిందనుకోవద్దు. 2023లో అమెరికా వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ, గొంతుతో పనిచేసే అలెక్సా విషయంలో అమెజాన్ మీద కేసు పెట్టింది. తల్లిదండ్రులు పిల్లల గొంతు రికార్డింగులు తీసేయమన్నా, ఆ మాటల రాతప్రతులను అన్ని చోట్ల నుంచీ తీసేయలేదన్నది అందులో ఒక ఆరోపణ. 2 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాతో అది తేలింది. పైపైన కనబడేది పోవడం, లోపలున్నది పోవడం రెండూ ఒకటి కాదు.

మీరు చేయగల పరీక్షలు:

- గడువు అంతా దాటాక పాస్‌వర్డ్ రీసెట్ అడిగి చూడండి. రీసెట్ మెయిల్ వస్తే అకౌంట్ ఇంకా ఉన్నట్టే. మెయిల్ రాకపోతే మాత్రం పోయిందని పూర్తి రుజువు కాదు. డిలీట్ గడువు నడుస్తుండగా ఈ పని చేయకండి.
- మీ పబ్లిక్ ప్రొఫైల్ లింకును లాగిన్ లేకుండా, ప్రైవేట్ విండోలో తెరవండి. సెర్చ్ ఇంజన్‌లో పాత ముక్క కొన్నాళ్ళు కనబడొచ్చు, అది సెర్చ్ కంపెనీ దగ్గరున్న నకలు. దానికి అర్జీ వాళ్ళకు విడిగా పెట్టాలి.
- ఒక నెల ఆగి మళ్ళీ కాపీ అర్జీ పెట్టండి, పాత ఈమెయిల్ పేరుతోనే. ఏమీ లేదని జవాబొస్తే అది రాతపూర్వక రుజువు. అన్ని పరీక్షల్లోకీ నేను నమ్మేది దీన్నే.
- కొత్త సైట్లలో చేరేటప్పుడు ఈమెయిల్‌లో @ గుర్తుకు ముందు ప్లస్ గుర్తు పెట్టి, దాని పక్కన ఆ సైట్ పేరు చేర్చండి. జీమెయిల్ దీన్ని ఒప్పుకుంటుంది. తరువాత వేరే ఎవరో అదే అడ్రస్‌కు మెయిల్ పంపితే ఎవరి దగ్గర నుంచి బయటికి పోయిందో తెలిసిపోతుంది.

9. వినకపోతే నియంత్రణ సంస్థకు ఫిర్యాదు

గడువు దాటింది, లేదా కారణం లేకుండా కాదన్నారు. ఇప్పుడు పైకి వెళ్ళొచ్చు. అంతకుముందు వెళ్తే "ముందు కంపెనీకి చెప్పారా?" అని తిప్పి పంపే చోట్లే ఎక్కువ. బ్రిటన్‌లో ఐసీఓ ఇదే కోరుతుంది, కంపెనీతో చివరి సంప్రదింపు జరిగిన మూడు నెలల్లోపు తమ దగ్గరకు రమ్మంటుంది. భారత్ కొత్త చట్టంలో కూడా కంపెనీ ఫిర్యాదుల విభాగం దాటకుండా డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్ళడం కుదరదు. పైగా తప్పుడు ఫిర్యాదు పెడితే ఫిర్యాదుదారుకే రూ. 10,000 దాకా జరిమానా ఉంది. నిజమైన ఫిర్యాదుకు భయపడక్కర్లేదు, ఊహాగానాలు మాత్రం రాయకండి.

ఎవరికి పెట్టాలి: యూరప్‌లో మీరు ఉంటున్న దేశపు డేటా రక్షణ సంస్థకు. చాలా పెద్ద కంపెనీల యూరప్ కేంద్రాలు ఐర్లండ్‌లో ఉంటాయి కాబట్టి ఫైలు చివరికి డబ్లిన్ చేరవచ్చు, కానీ మీరు అక్కడికి రాయక్కర్లేదు. మీ దేశపు సంస్థే పంపుతుంది. కాలిఫోర్నియాలో ప్రైవసీ ప్రొటెక్షన్ ఏజెన్సీకి లేదా అటార్నీ జనరల్‌కు. అమెరికా ఎఫ్‌టీసీకి కూడా చెప్పొచ్చు, అయితే వాళ్ళు ఒక్కొక్కరి గొడవ తీర్చరు, ఫిర్యాదులు పోగుచేసి కంపెనీ మీద కేసు కడతారు. భారత్‌లో ఇప్పుడైతే గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబుతో తృప్తి లేకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేయాలి. ఆ 30 రోజులు పోగొట్టుకుంటే దారి మూసుకుపోయినట్టే.

ఫిర్యాదు ఇలా ఉండాలి: మొదటి పేజీలో తేదీల వరస, రెండో పేజీలో ఏ హక్కు అడిగారు, ఏం జరగలేదు, ఇప్పుడు ఏం కావాలి. ఆ తరువాత జతలు: అర్జీ, అందిన రసీదు, గుర్తుచేత, కంపెనీ జవాబు, ఆ రోజుటి పాలసీ కాపీ. జతలకు 1, 2, 3 అని నంబర్లు వేసి ఫైలు పేర్లలో కూడా అవే పెట్టండి. మీ ఫైలు చూసే ఉద్యోగి దగ్గర అలాంటివి కుప్పలుగా ఉంటాయి. తేదీలు ఒక్క చూపులో కనబడితే మీ పని తేలికవుతుంది. కాపీగా వచ్చిన మీ మొత్తం డేటాను మాత్రం జతచేయకండి, సంబంధించిన పేజీలు చాలు.

డబ్బు వస్తుందా అని అడుగుతారు. జరిమానాలు పెద్దవే: 2019లో ఎఫ్‌టీసీ కేసులో ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్లు, 2023లో ఐర్లండ్ సంస్థ మెటాకు వేసింది 120 కోట్ల యూరోలు. భారత్ కొత్త చట్టంలో గరిష్ఠం 250 కోట్ల రూపాయలు. అవన్నీ ప్రభుత్వ ఖజానాకే పోతాయి. యూరప్‌లో నష్టపరిహారం కావాలంటే 82వ అధికరణం కింద కోర్టుకు వెళ్ళాలి, జరిగిన నష్టాన్ని మీరే చూపించాలి. ఫిర్యాదుతో మీకు దక్కేది మీ కాపీ, మీ చెరిపివేత, కంపెనీ పద్ధతి మారడం. అది చాలనుకుంటేనే ఈ శ్రమ పెట్టుకోండి.

ఫిర్యాదు పెట్టాక రిఫరెన్స్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకుని, అక్కడినుంచి మూడు నెలల తేదీ గుర్తుపెట్టుకోండి. యూరప్‌లో నియంత్రణ సంస్థ ఆలోపు ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో కూడా చెప్పకపోతే, 78వ అధికరణం కింద ఆ సంస్థ మీదే కోర్టుకు వెళ్ళే హక్కు మీకుంది. ముందుగా ఆ అధికరణం పేరెత్తి ఒక మర్యాదైన మెయిల్ రాసి చూడండి. చాలాసార్లు అంతటితోనే ఫైలు కదులుతుంది.